ఆఖరి స్నానం తర్వాత

తడి దుప్పట్లు కుర్చీల మీద ఆరేయవద్దని మామగారు, ఈ వానలో ఇంకెక్కడ ఆరేయాలో చూపించమని కోడలు, ఎవరి పట్టు వాళ్లు వదలడం లేదు. బావమరిది వస్తున్నాడనీ, చావింటి మనిషిని తడి బట్టల మధ్య కూర్చోబెడతామా అనీ ఆయన గొణిగాడు.

"అయితే మీ దుప్పటి ఒక్కటీ తీసేస్తాను మామయ్యా. ముక్కిన వాసన కొడుతుంటే కప్పుకుని పడుకోండి," అంది కోడలు.

మామూలు రోజైతే అత్తగారు నవ్వేది. ఇవాళ అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని, కర్పూరం వాసన పోయిందో లేదో చూసుకుంటోంది.

వీధిలో అందరూ ఆమెను గుసులమ్మ అంటారు. పోయిన ఆడవాళ్లకు గుసుల్, అంటే ఆఖరి స్నానం, చేయించేది ఆమే. ఒంటి మీద ఏం చూసినా బయట చెప్పకూడదన్నది ఆ పనికున్న కట్టుబాటు. బొల్లి మచ్చలు, కాలిన గుర్తులు, పురుళ్లు మిగిల్చిన చారలు, ఏదీ ఆమె నోరు దాటలేదు. కన్నతల్లులు గుండెలు బాదుకుంటుంటే మాత్రం పక్కన కూర్చుని, అంతా అల్లా రాసిన రాత తల్లీ అనేది. ఆ మాటతో వాళ్లకు కాస్త ఊపిరాడేది.

ఇవాళ కడిగింది సొంత అన్న కోడలిని. మెట్ల మీద జారిపడిందన్నారు. జడ విప్పి నీళ్లు పోస్తుంటే మెడ చుట్టూ వేళ్ల గుర్తులు బయటపడ్డాయి. చెంబు పట్టుకున్న తన కోడలూ చూసింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా కఫను గుడ్డ చుట్టి ఇంటికొచ్చారు. సాయంత్రం నమాజు కాగానే ఖననం.

అన్న వచ్చాడు, వెంట కొడుకు. దుప్పట్లు పక్కకు తోసి కూర్చున్నారు. అమ్మానాన్నలు పోతే చెల్లెల్ని చంకనెత్తుకుని పెంచిన అన్న. ఆయన ముందు ఆమె ఏనాడూ గొంతు పెంచలేదు. నీ పని కట్టుబాటు నీకు వేరే చెప్పాలా అన్నాడాయన, నేల చూస్తూ.

మేనల్లుడు మాత్రం తల దించలేదు. పెళ్లాం నమాజు మానేసిందనీ, అడిగితే ఎదురు తిరిగిందనీ, దారిలో పెట్టడం మతం తన మీద మోపిన బాధ్యతనీ చెప్పుకొచ్చాడు.

"దాని గడియ వచ్చింది అత్తా. అల్లా రాయకపోతే నా చేతుల్లో పోయేదా?"

మామగారు అలవాటు కొద్దీ అంతా పైవాడి దయ అనబోయి, భార్య మొహం చూసి మింగేశాడు.

గుసులమ్మ తల్లుల చెవిలో చెబుతూ వచ్చిన మాటే అది. వీడి నోట అది వినగానే ఆమె తలెత్తి వాడి కళ్లలోకి చూసింది.

"రాసింది ఆయనేరా. నొక్కింది నువ్వు."

అన్న కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. ఒక్కగానొక్క కొడుకన్నాడు. నువ్వు నోరు తెరిస్తే నాకు చెల్లెలు లేదనుకుంటానన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి కోడలు మెల్లగా, "నేనూ చూశాను అత్తయ్యా," అంది.

గుసులమ్మ లేచి చాదరు తల మీదికి లాక్కుంది.

"దాచమన్నది పోయినవాళ్ల లోపాన్ని అన్నయ్యా. ఆ మెడ మీద ఉన్నది ఆ పిల్ల లోపం కాదు." ఆ తర్వాత అందరి వైపూ తిరిగి, గొంతు పెంచకుండానే చెప్పింది. "ఇవాళ ఆ పిల్లను మట్టిలో పెట్టనివ్వను. పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను."