చివరి పేజీలో పేర్లు

పేర్లూ ఫోన్ నంబర్లూ లేని రిపోర్టు రిపోర్టే కాదని మా యూనివర్సిటీ సార్లు రెండేళ్లపాటు నూరిపోశారు. నేను బుద్ధిమంతురాలిని కదా, వికారాబాద్‌లో ఎంపీ గారి ఆఫీసులో రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికితే అక్కడా అదే పని చేశాను.

పార్లమెంటులో అడగడానికి ఒక ప్రశ్న తయారుచేయమన్నారు. తాండూరులో బండలు పాలిష్ చేసేచోట లేచే దుమ్ము గురించి రాస్తానన్నాను. మా మేనమామ బాలప్ప ఇరవై ఏళ్లుగా ఆ దుమ్ములోనే పనిచేస్తున్నాడు, దగ్గుతూనే ఉంటాడు. అతని ముఖం చూసి తోటి కూలీలు పదిమంది నోరు విప్పారు. లేకపోతే బ్యాగు తగిలించుకుని వచ్చిన నాలాంటి పిల్లతో ఎవరు మాట్లాడతారు?

ఎంపీ గారు ఢిల్లీలో ఉంటే ఇక్కడ అంతా సెక్రటరీ శంకరప్ప సారే. ఆయన నా రిపోర్టు మొదటి పేజీ చూడలేదు. నేరుగా చివరి పేజీ తిప్పి, పేర్ల మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"మస్తు కష్టపడ్డవ్ బిడ్డా. గీ బాలప్ప నీకేమైతడు?"

"మా మేనమామ సార్." అదీ గర్వంగా చెప్పాను, తెలివితక్కువదాన్ని.

మూడో రోజు అజమత్ ఫోన్ చేశాడు. పేర్లలో మొదటిది అతనిదే. ఇక పనికి రావద్దన్నారట. మర్నాడు అష్రఫున్నీసా. "నా పేరు తీసెయ్యి బేటా, నేనేం చెప్పలే" అని పెట్టేసింది. మిగతావాళ్లు ఫోనే ఎత్తలేదు. కొరివితో తల గోక్కునేవాళ్లుంటారు. నేను పదిమంది తలలు గోకాను. చివరి పేరు మామయ్యది.

పోయి శంకరప్ప సారును రిపోర్టు వెనక్కి ఇమ్మని అడిగాను.

"నా దగ్గరేడిది? ఓనర్లకు పంపిన. రెండు దిక్కుల ఇనాలె గదా," అని చాయ్ నా వైపు జరిపాడు. తిట్టినా ఇంత భయం వేసేది కాదు.

అప్పుడే మామయ్య ఫోన్ వచ్చింది.

"నిరోషా, ఇంటికి నలుగురొచ్చిండ్రు. మంచిగనే మాట్లాడుతుండ్రు. దుమ్ము లేదు, దగ్గు లేదని కాయితం రాసుకొచ్చిండ్రు. అందరం వేలిముద్ర వేసినం. నువ్వు గూడ సంతకం పెట్టాలెనంట."

"నేను పెట్టను మామా."

అతను దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. నీళ్లు తాగమని పక్కన ఎవరో మర్యాదగా అన్నారు.

"నువ్వొచ్చేదాంక నన్ను బయటికి పోనియ్యరంట," అన్నాడు. "జల్దేం లేదంట. మెల్లగ రా."

ఫోన్ పెట్టేశాను. మామయ్య ఏమన్నాడో నేనింకా ఎవరికీ చెప్పలేదు. శంకరప్ప సారు అప్పటికే కారు తాళం తీసుకుని లేచి నిలబడ్డాడు.

"తాండూరుకే గదా? పా బిడ్డా, దింపుత."

దింపుతానన్నాడు. మళ్లీ తీసుకొస్తానని అనలేదు. అయినా ఎక్కాను.