మనవరాలి మాటల్లో వాటా

నా ఒంట్లో అసూయ అనే నరమే లేదు. నేను పుట్టినప్పుడు మంత్రసాని బొడ్డుతోపాటు దాన్నీ కోసేసిందట.

ఈ మాట మా మనవరాలు ఒప్పుకోదు. "అలాంటి నరం ఉండదు తాతయ్యా" అంటుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆటిజం ఉంది. ఇంటికి ఎవరొచ్చినా గోడవైపు తిరిగిపోతుంది. తల్లితో అవసరానికి నాలుగు ముక్కలు. నాతో మాత్రం గంటలకొద్దీ కబుర్లు. నేను కోతలు కోస్తుంటాను, తను ఒక్కొక్కటే పట్టేస్తుంటుంది. ఒకసారి నేనెక్కిన లిఫ్టు పై అంతస్తు దాటి మబ్బుల్లోకి పోయిందన్నాను. అలా పోకుండా ఎక్కడెక్కడ ఏమేం బిగిస్తారో సాయంత్రందాకా చెప్పింది. లిఫ్టులంటే దానికి ప్రాణం. లిఫ్టు మెకానిక్కు కోర్సులో చేరాలని కోరిక. చేరాలంటే కొత్తవాళ్ళ ఎదుట కూర్చుని మాట్లాడాలి.

అందుకే ఆసుపత్రికి వెళ్తోంది. కత్తీ లేదు, సూదీ లేదు. తలకి ఒక తీగచుట్ట ఆనించి పెడతారు. అది టకటకమంటూ బయటినుంచే మెదడుకు అయస్కాంతపు తాకిడి ఇస్తుంది. ఆ వెంటనే, మిషను నడిపే అమ్మాయితో అరగంట మాటల సాధన. "పనిచేస్తుందో లేదో మాకూ ఇంకా తెలీదండీ. అది తేల్చడానికే ఈ పరీక్షలు" అని డాక్టరుగారు ముందే చెప్పారు. అయినా సరే వస్తానని నాతో అంది మనవరాలు.

కొన్నాళ్ళకి మిషనమ్మాయి నవ్వుకుంటూ బయటికొచ్చింది. "తాతగారూ! కేబుల్ తెగినా లిఫ్టు ఎందుకు పడిపోదో ఇవాళ నాకు చెప్పిందండీ!"

అది నాకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి. నాలో లేని ఆ నరం ఎక్కడ మొలిచిందో గానీ, కణతలదాకా పాకేసింది.

ఇంటికెళ్ళాక మంచి కోత ఒకటి కోశాను. మనవరాలు పట్టుకోలేదు. "అలిసిపోయాను తాతయ్యా. ఆవిడతో మాట్లాడేశానుగా" అని మంచమెక్కింది.

మర్నాడు మిషనమ్మాయి ఎప్పుడూ అడిగేదే అడిగింది. "నిన్న తలనొప్పేమైనా వచ్చిందా?"

మనవరాలు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "రాత్రంతా తల పట్టుకుని కూర్చుందమ్మా, పాపం!"

ఆ ఒక్కపూటకి మానేస్తారు, కబుర్లన్నీ నాకే మిగులుతాయి అనుకున్నాను. అక్కడి పద్ధతి నాకేం తెలుసు! ఆ అమ్మాయి మిషను కట్టేసి డాక్టరుగారిని పిలిచింది. ఆయన వచ్చి, "అంత నొప్పి వస్తే కొనసాగించకూడదు. ఇక్కడితో ఆపేద్దాం" అన్నారు.

అబద్ధం ఆడటంలో పండిపోయినవాణ్ణే గానీ, ఆడినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎన్నడూ నేర్చుకోలేదు.

మనవరాలు గోడవైపు తిరిగింది. కాసేపటికి ఇటు తిరిగి, డాక్టరుగారి కోటు గుండీలకేసి చూస్తూ అంది. "నాకు నొప్పి రాలేదు. తొందరగా నిద్రపోయాను. తాతయ్య అబద్ధాలు చెప్తాడు. అన్నీ అబద్ధాలే. నాకు రావాలని ఉంది. ఆపకండి."

అంతవరకూ ఆయనతో ఒక్క ముక్క మాట్లాడని పిల్ల!

"ఏం తాతగారూ?" అన్నారు డాక్టరుగారు.

"చూశారా, మీ మిషనుకన్నా నా అబద్ధమే బాగా పనిచేసింది!"

"అయితే దానికీ పరీక్షలు పెడదాం లెండి. ముందు మీరెళ్ళి వరండాలో కూర్చోండి."

తలుపు దగ్గర మనవరాలు ఆగింది. "ముందు ఆవిడతో మాట్లాడతాను తాతయ్యా. మిగిలింది నీతో" అంది.

తలుపు మూసేశారు. కాసేపు టకటకలు, ఆ తర్వాత నవ్వులు. చెవి ఆనించినా ఒక్క మాటా అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుని చక్కగా కుళ్ళుకున్నాను.

ఇందులో నేను కల్పించినది ఒకటుంది, చెప్పేస్తాను. తలుపు దగ్గర ఆ పిల్ల ఆగనూ లేదు, నావైపు చూడనూ లేదు. "మిగిలింది నీతో" అన్న మాట నేనే అతికించాను. మాటలన్నీ ఆ మిషనమ్మాయికే పోతే ఎలాగండీ మరి!