కాలు విరిగిన ఏడు

కరోనా రెండో వేవ్ తగ్గాక, వలస వచ్చిన తెలుగువాళ్లుండే నవాగామ్‌లోని రాజనర్సు మెకానిక్ షెడ్డుకు ఆ పాత పికప్‌ను తాడు కట్టి లాక్కొచ్చారు. అరవై ఎనిమిదో సంవత్సరపు బండి. దాని యజమాని పేరు బ్రహ్మచారి. ఏప్రిల్‌లో ఆక్సిజన్ దొరక్క చనిపోయాడు. ఎండిన దండతో ఆయన ఫొటో డాష్‌బోర్డు మీద ఉంది.

హజీరా ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం చేసే కిశోర్‌కు పాత బండ్ల పిచ్చి. డుమస్ బీచ్ దగ్గరి తన తోటలో దీన్ని నిలబెట్టి, పక్కన బ్రహ్మచారి పేరుతో పలక పెడతానన్నాడు. ఒకటే షరతు. ఇంజన్ బండితో పుట్టిందే అయ్యుండాలి.

"గదే సారూ," అంది బ్రహ్మచారి భార్య గంగవ్వ. "ముప్పై ఏండ్లు పాణం లెక్క చూస్కుండు. దవఖానోళ్లు పీనుగ మొకం గూడ నాకు సూపియ్యలే. గా పలక మీద పేరన్న ఉండనియ్యి."

"మేస్త్రీ, నంబర్ చూపించండి," అన్నాడు కిశోర్.

రాజనర్సు ఇంజన్ పక్కన జానెడు చోటు మాత్రం తుడిచాడు. ఆర్‌సీ బుక్కులో ఉన్న నంబరే. చివరి ఏడు అంకెకు కాలి కొస లేదు. ఇనుము మీద ఆ అంకె కొట్టే, కొస విరిగిన పంచు ఇప్పటికీ అతని డబ్బాలోనే ఉంది. ఇరవై ఏళ్ల కిందట బ్రహ్మచారి కామెర్లతో ఊరెళ్లి మూడు నెలలు మంచం పట్టాడు. ఆ మూడు నెలలూ బండి ఇదే షెడ్డులో ఉంది. రాజనర్సు మంచి ఇంజన్‌ను రింగ్ రోడ్‌లో సరుకు తోలేవాడికి అమ్మేసి, అరిగినదొకటి ఎక్కించాడు. దాని నంబర్ గీకి, పాత నంబర్ తన చేత్తోనే కొట్టాడు.

"కలిసింది సారూ. ఒరిజినలే."

గంగవ్వ మొహం విప్పారింది. కొంగు డీజిల్‌లో తడిపి, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు ఇంజనంతా తుడవసాగింది.

"ఇడువు చెల్లె, చేతులు మండుతయ్."

"జర తానం చేయిస్త అన్నా. ఎన్నొద్దులాయెనో."

అడుగున మడ్డి పెళ్లగా ఊడింది. ఇనుము పోతలోనే ఉబ్బెత్తుగా తేలిన అంకెలు బయటపడ్డాయి. 74.

కిశోర్ ఫోన్ లైటు వేసి వంగాడు. "బండిది అరవై ఎనిమిది. ఈ ఇంజన్ పోత పోసిందే డెబ్బై నాలుగులో. మరి దీని మీద ఆ నంబర్ ఎవరు కొట్టారు?"

గంగవ్వ కూడా రాజనర్సు వైపే చూసింది. పంచుల డబ్బా మూత తెరిచే ఉంది. అతను దాని మీద మసిగుడ్డ వేశాడు. డాష్‌బోర్డు మీది ఫొటోను ఒకసారి చూశాడు. అది నోరు తెరిచి ఎదురు చెప్పేది కాదు.

"ఇంక దాచిపెట్టుడెందుకు సారూ," అంటూ గడ్డం కిందున్న మాస్కు పైకి లాక్కున్నాడు. "బ్రహ్మచారే చేసిండు. మంచి ఇంజన్ పత్తాలాటల పందెం పెట్టి ఓడిండు. ఇంట్ల చెప్పకుమని నాతోని ఒట్టేయించుకుండు."

"పలక మాట మరిచిపోమ్మా," అని కిశోర్ కారెక్కి వెళ్లిపోయాడు.

గంగవ్వ నల్లబడ్డ చేతులతో డాష్‌బోర్డు దగ్గరికి నడిచింది. ఫొటోను దండతో సహా పీకింది.

"ఇన్నేండ్లు నా మొకం మీదనే అబద్ధమాడితివారా! నీ కోసమా నేను ఏడ్సింది!"

ఫొటోను కాలిన నూనె డబ్బాలోకి విసిరి కొట్టింది. వంగి రాజనర్సు కాళ్లకు మొక్కింది.

"నువ్వన్న నిజం చెప్పినవ్ అన్నా. లేకుంటే సచ్చేదాంక వాన్ని దేవుడనుకుంటుంటి."

"లే చెల్లె, లే."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, రాజనర్సు మసిగుడ్డ తీశాడు. ఏడంకె పంచును వేళ్లతో వెతికి పట్టుకుని, అదే నూనె డబ్బాలో, బ్రహ్మచారి మొహం మీద వేశాడు.