గొంగడాయన రెండో భాగం

మా సరిత ఆ సినిమాను ఎట్లా వెతికి పట్టుకుందో నాకు ఇప్పటికీ వింతే. నేనిచ్చిన ఆనవాళ్ళు అట్లాంటివి మరి. ఒకాయన నల్ల గొంగడి కప్పుకుని మేడల మీద తిరుగుతుంటాడు, ఊరంతా ఎప్పుడూ వాన, పెద్ద గడియారం ఉన్న గోపురం ఒకటి, వెండి ముఖం పెట్టుకున్న దుర్మార్గుడు ఒకడు. పేరేమిటి నానమ్మా అంటే గొంగడాయన సినిమా అన్నాను. మా ఊళ్ళో దానికి అదే పేరు. అసలు పేరు తర్వాత సరిత చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు.

సరిత నా కొడుకు బిడ్డ. ఎయిర్‌పోర్టులో సరుకు విమానాల దగ్గర పని చేస్తుంది. తనతో పనిచేసే అమ్మాయి ఎవరో బయటి దేశం నుంచి వస్తూ ఆ డిస్కు తెచ్చి ఇచ్చిందట. పాత సినిమాను కొత్తగా శుభ్రం చేసి, హెచ్‌డీ అని అమ్ముతున్నారట. ఇత్తడి చెంబును చింతపండు పెట్టి తోమితే అదే చెంబు మళ్ళీ మెరుస్తుంది కదా, అట్లాంటిదే అనుకున్నాను. ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోకుండా కుర్మయ్యకు ఫోను చేయించాను. ఆదివారం మధ్యాహ్నం రా, గొంగడాయన సినిమా చూద్దాం, ఈసారి ఆఖరు దాకా చూద్దాం అని.

కుర్మయ్య మాకు చుట్టం కాదు, పాత ఊళ్ళో పక్కింటివాడు. మా ఆయన యాదయ్యను అన్నా అనేవాడు, నన్ను వదినా అంటాడు. ఊరు ఎయిర్‌పోర్టు కిందకు పోయాక వాళ్ళు కొత్తూరు వైపు పోయారు, మేము శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఈ ఏడు ఉగాదికి ముందు కుర్మయ్య వాళ్ళ అన్న బీరయ్య పోయాడు. అప్పటి నుంచి కుర్మయ్య సరిగా తినడం లేదు, గడప దాటడం లేదు అని వాళ్ళ కోడలు ఎప్పుడు ఫోను చేసినా అదే బాధ. సినిమా మాట ఎత్తగానే ఫోనులో ఆయన గొంతు మారింది. వస్తానన్నాడు. అన్నదమ్ములు ఒక్క గొంగడి కింద కూర్చునే కాడ ఏడుస్తాను, నవ్వొద్దు వదినా అని కూడా అన్నాడు.

ఆదివారం పొద్దున నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే సరిత వచ్చి పక్కన కూర్చుంది. డిస్కు సరిగా ఆడుతుందో లేదో అని తాను ముందే పెట్టి చూసిందట.

"నానమ్మా, మన తాత చెప్పిన ఆఖరు గిండ్ల లేదు" అంది.

మరి ఏముందే అన్నాను. గోపురం అంచున వేలాడుతున్న తమ్ముణ్ణి గొంగడాయన పైకి లాగడట. చేయి వదిలేస్తాడట. జారిపోవడం కూడా కాదు, కళ్ళలోకి చూస్తూ తానే వదిలేస్తాడట.

నా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నా భయమేమిటో మీకు తెలియాలంటే ఆ పాత సాయంత్రం గురించి చెప్పాలి.

అది బీరప్ప పండుగ. సరిత వాళ్ళ నాన్నకు అప్పటికి ఇంకా మీసాలు రాలేదు. గొర్లు కాసే కురుమవాళ్ళంతా కలిసి టీవీ, వీసీఆర్ కిరాయికి తెద్దామనుకుని, ఆ పని మా ఆయనకు అప్పజెప్పారు. ఆయన గగన్‌పహాడ్‌లో కార్ఖానాలో పనిచేసేవాడు, నలుగురిలో తిరిగినవాడు, ఇంగ్లీషు ముక్కలు కొన్ని వచ్చు. పొద్దున పోయినవాడు ఎండ తగ్గాక వచ్చాడు. పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి తెలుగు క్యాసెట్లన్నీ పోయాయి, ఫైటింగులున్న ఇంగ్లీషు సినిమా ఒక్కటే మిగిలింది అన్నాడు. ఇంతసేపు ఎక్కడున్నావంటే, దుకాణంలో కూర్చుని మొత్తం ఒకసారి చూసి వచ్చాను, నాకే తెలియకపోతే మీకెట్లా చెప్పాలి అన్నాడు. నేను మాత్రం కల్లు కాంపౌండులో ఉన్నాడనే అనుకున్నాను.

పొద్దుగూకగానే ఊరి పంచాయితీలు జరిగే కచీరు ముందర టీవీ పెట్టారు. ఆ జాగా ఇప్పుడు విమానాలు దిగే రోడ్డు కింద ఉందని నా కొడుకు అంటాడు, కాదు, గోడ అవతలి గడ్డి కింద ఉందని కుర్మయ్య అంటాడు. అది ఎన్ని క్యాసెట్ల మీంచి ఎక్కించిన క్యాసెట్టో గానీ, తెర మీద సగం చీకటి, సగం చీమలు. మా ఆయన టీవీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని కథ మొదలుపెట్టాడు. మొదట్లోనే చిక్కొచ్చింది. అది రెండో భాగమట. మొదటి భాగం మా ఊళ్ళో ఎవరు చూశారు? మా ఆయనా చూడలేదు. అంతలో తెర మీద నల్లటిదేదో కప్పుకుని ఒకాయన మేడ అంచున నిలబడ్డాడు. ముందర కూర్చున్న ముసలివాళ్ళు గొంగడి, గొంగడి అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆయన మొదటి భాగం మొత్తం అల్లేశాడు. ఆయన కురుమాయన, మొదటి భాగంలో తోడేళ్ళు పడి మందంతా పోయింది, అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు, అందుకే ఇప్పుడు పట్నాన్నే మంద అనుకుని చీకటి పడితే కాపలా తిరుగుతున్నాడు అన్నాడు.

ఇక చూడాలి. మంద కాడ నిద్ర కాచిన మనుషులు వాళ్ళంతా. గొంగడాయన మేడ మీద నుంచి దూకినప్పుడల్లా సొంత మేనల్లుడు దూకినట్టు ఈలలు వేశారు.

కుర్మయ్య మాత్రం ఈల వేయలేదు. మా ఆయన స్టూలుకు కాస్త వెనకగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు, పక్కన గొడ్డలి. తండ్రి పోయాక మంద పంపకంలో బీరయ్యతో మాటా మాటా వచ్చి, అది ముదిరి, ఆ వారమంతా గొడ్డలి నూరుకుంటూ తిరుగుతున్నాడు. ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు. పండుగ పూట ఏం చూడాల్సి వస్తుందోనని ఆడవాళ్ళం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం.

సినిమా ఆఖరుకు వచ్చింది. గడియారం గోపురం మీద కొట్లాట. వెండి ముఖం ఊడిపోయింది. వాడు గొంగడాయనకు సొంత తమ్ముడని మా ఆయన చెప్పగానే అందరూ గప్‌చుప్ అయ్యారు. తమ్ముడు జారి అంచు పట్టుకున్నాడు, అన్న వంగి చేయి అందుకున్నాడు. అప్పుడే టీవీ ఆరిపోయింది.

ఫీజు పోయింది అన్నాడు మా ఆయన. మళ్ళీ వేయమని అందరూ పోరు పెట్టినా స్టూలు మీద నుంచి లేవలేదు. ఆఖరు నాకు తెలుసు కదా, కూర్చోండి, చెప్తాను అన్నాడు.

"పైకి గుంజిండు. వానకు తడిసి వణుకుతుంటె ఆ గొంగడే తీసి తమ్మునికి కప్పిండు. చిన్నప్పుడు మంద కాడ ఒక్క గొంగట్ల పండేటోళ్ళు గద, గట్లనే ఇద్దరు ఒక్క గొంగడి కింద కూసున్నరు. ఒక్కడు గూడ మాట్లాడలే. తెల్లారింది. గంతే సినిమా."

మరునాడు నేను వాకిలి చల్లుతుంటే బీరయ్య, కుర్మయ్య కలిసి మంద తోలుకుంటూ మా ఇంటి ముందు నుంచే పోయారు. మా ఆయన కుంటుకుంటూ బయటికొచ్చి వాళ్ళను చూసి నవ్వాడు. ఆయన కుడికాలి బొటనవేలు కోసుకుపోయి ఎర్రగా ఉంది. రాయి తగిలిందంటే పసుపు అద్దాను.

ఆ తర్వాత అన్నదమ్ములు విడిపోలేదు. ఆ ఆఖరును కుర్మయ్య పెళ్ళిళ్ళలో చెప్పాడు, కల్లు కాడ చెప్పాడు, మనవళ్ళకు చెప్పాడు. బీరయ్యను సాగనంపిన రోజు తన గొంగడే తెచ్చి అన్న మీద కప్పాడు. అట్లాంటి మనిషికి అన్న తమ్ముడి చేయి వదిలేయడం ఎట్లా చూపించాలి?

డిస్కు పాడైందని చెబుదామంది సరిత. చెప్పేదాన్నే. కానీ కుర్మయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, గడ్డం గీయించుకుని, ఆ ఎండలో కూడా భుజాన కొత్త గొంగడి వేసుకుని దిగాడు. అన్నం పెడితే చిక్కుడుకాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు. అది చూశాక నాకు నోరు రాలేదు. ఇప్పుడు సినిమా లేదంటే ఆయన మళ్ళీ పోయి ఆ గడప లోపలే కూర్చుంటాడు. సరితను వంటింట్లోకి పిలిచి చెప్పాను.

"గడియారం కాడికి రాంగనే నేను వైరు పీకుత. నువ్వు కరెంటు పోయిందను."

"నానమ్మా, నువ్వు మామూలు దానివి కాదు" అంది సరిత.

పరదాలు వేసి సినిమా పెట్టింది. అమ్మో, ఎంత స్పష్టంగా ఉందో. ఒక్క చీమ లేదు. ఇన్నేళ్ళూ నేను చీకటి అనుకున్నదంతా చీకటి కాదు. అందులో గోడలున్నాయి, గోడల మీద ఆరేసిన బట్టలున్నాయి, కిటికీలో నిలబడి వాన చూస్తున్న ఒక ఆడమనిషి ఉంది. ఆమె ఆ రోజు కూడా అక్కడే ఉండి ఉంటుంది, మేము చూడలేదు. ప్రతి చోటా మా ఆయన గొంతు నా చెవిలో ముందే వినిపిస్తోంది. ఇప్పుడు రైలొస్తుంది అనుకుంటాను, రైలొస్తుంది.

గొంగడాయన దగ్గరగా కనిపించగానే కుర్మయ్య ముందుకు వంగి చూశాడు.

"గిది గొంగడి గాదు వదినా, రెగ్జిన్" అన్నాడు.

అయినా వదల్లేదు. సరిత పక్కనుంచి వాళ్ళ మాటలకు తెలుగులో అర్థం చెప్పబోతే, నువ్వు ఆగు బిడ్డా, వాళ్ళు తప్పు మాట్లాడుతున్నరు అని, మా ఆయన చెప్పిన మాటలు తాను చెప్పుకుంటూ పోయాడు. తోడేళ్ళ సంగతి చెప్పాడు, పోయిన మంద సంగతి చెప్పాడు. మా ఆయన ఎక్కడ దగ్గేవాడో అక్కడ దగ్గాడు కూడా. నేను నవ్వాను, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

గోపురం వచ్చింది. వెండి ముఖం ఊడింది. తమ్ముడు జారాడు, అన్న చేయి అందుకున్నాడు. నేను కుర్చీ పక్కనున్న ప్లగ్గు పట్టుకుని లాగేశాను. టీవీ నల్లబడింది.

"అయ్యో, కరెంటు పోయింది" అంది సరిత, చెప్పమన్నట్టుగానే.

కుర్మయ్య తల ఎత్తి పైకి చూశాడు. నేనూ చూశాను.

"పంక తిరుగుతున్నది గద వదినా" అన్నాడు.

ఆయన నా మీద కోపం చేయలేదు. భుజాలు కదిలేటట్టు, చప్పుడు లేకుండా నవ్వాడు.

"యాదన్న నీకంటె హుషారు. వైరు ముందలనే కాలి బొటనవేలుకు సుట్టుకొని కూసున్నడు. నేను ఎనక గోడ కాడ ఉంటి గద, మొత్తం కనవడ్డది. తమ్ముడు జారంగనే కాలు గుంజిండు."

నేను పసుపు అద్దిన ఆ వేలు నా కళ్ళ ముందుకొచ్చింది. రాయి తగిలిందన్న మాటను ఇన్నేళ్ళు నమ్మాను. ఆయన ఆ రోజు కల్లు కాంపౌండుకు పోలేదు, నిజంగానే దుకాణంలో కూర్చుని మొత్తం చూసి వచ్చాడు. ఆఖరు చూశాకే వైరు వేలికి చుట్టుకున్నాడు.

అయితే ఆ ఆఖరు అల్లిందని నీకు అప్పుడే తెలుసా అని అడిగాను.

"మంచిగుంటె వైరెందుకు గుంజుతడు వదినా? ఏదో కాని ముచ్చటే ఉంటదని సమజైంది. గొంగడి ముచ్చట చెప్పుకుంట నా దిక్కే సూసిండు. ఒక మనిషి నా కోసం గంత పరేషాన్ అయితుండంటె నాకే శరమొచ్చింది. గొడ్డలి ఆడనే ఇడిచిపెట్టి మా అన్న కాడికి పోయిన."

మరి ఇన్నేళ్ళూ ఒక్కసారీ ఎందుకు చెప్పలేదన్నాను.

"చెప్తె ఆఖరు మారిపోతది గద" అన్నాడు. కాసేపు గొంగడి అంచు వేళ్ళతో సవరించుకున్నాడు. "పెట్టు బిడ్డా. అన్న పోయిండు, యాదన్న పోయిండు. ఇగ సూస్తె ఏం గాదు."

సరిత నా వైపు చూసింది. పీకిన చేతితో నేనే ప్లగ్గు మళ్ళీ పెట్టాను.

చూశాం. వాన చినుకులు ఆ రెండు చేతుల మీద ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. అన్న చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. తమ్ముడు ఏదో అన్నాడు, కుర్మయ్య అర్థం అడగలేదు, సరిత చెప్పలేదు. తర్వాత అన్న వేళ్ళు విడిపోయాయి. తమ్ముడు కేక కూడా వేయలేదు. అన్న లేచి, నల్లటిది ఒంటికి బిగించి చుట్టుకుని, వానలో ఒక్కడే నడిచిపోయాడు. పేర్లు పైకి ఎక్కడం మొదలైంది. మా మేడ మీదుగా ఒక విమానం పోతే కిటికీ అద్దాలు కదిలాయి.

"గంత పెద్ద గొంగడి ఉండి ఏం లాభం" అన్నాడు కుర్మయ్య.

తర్వాత సరితను వెనక్కి తిప్పమన్నాడు. చేయి పట్టుకునే కాడ ఆపమన్నాడు. ఆ రోజుల్లో క్యాసెట్టు ఆపితే బొమ్మ వణికేది. ఇది వణకలేదు. రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని తెర నిండా అట్లాగే నిలబడ్డాయి. కుర్మయ్య భుజం మీది గొంగడి తీసి మోకాళ్ళ మీద పరుచుకుని, గోడకు ఆనుకున్నాడు.

"ఇగ చెప్పు వదినా" అన్నాడు.

నేను ఎన్నడూ చెప్పలేదు దాన్ని. ఎప్పుడూ వినే వైపే కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను.

"పైకి గుంజిండు. వానకు తడిసి..."

"గట్ల గాదు" అన్నాడు కళ్ళు మూసుకునే. "గుంజిండు అన్నంక జర ఆగాలె. యాదన్న ఆగేటోడు."

నిజమే, ఆగేవాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి ఆయన ముఖం వైపు చూసేది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. పైకి గుంజిండు అని, ఆగాను.