మొగిలి పెట్టిన మీటరు

రుద్రంగి చుట్టుపక్కల వ్యవసాయ మోటర్లకు కరెంటు బిల్లు రాదు. సర్కారు ఉచితంగా ఇస్తుంది. రాని బిల్లుకు లెక్క కట్టిన ఘనుడు మా మొగిలి ఒక్కడే.

మస్కట్‌లో పదేళ్లు ఉండి వచ్చాడు. అక్కడ ఏసీ గదిలో పడుకుని కంపెనీ కరెంటు కాల్చినన్నాళ్లు యూనిటంటే ఏమిటని అడగలేదు. ఊళ్లో దిగగానే ఎక్కడలేని పొదుపు పుట్టుకొచ్చింది. బావి తాత తవ్వించింది, ఇద్దరన్నదమ్ములది. రోజు మార్చి రోజు నీళ్ల వంతు. అన్న పోయాక ఆ వంతు వదిన నర్సక్కకు వచ్చింది. కరెంటు సర్వీసు మాత్రం మొగిలి పేరు మీద ఉంది.

"ఐదు హెచ్‌పీ మోటరు వదినె. గంటకు నాలుగు యూనిట్లు కాలుతది. యూనిటుకు ఏడు రూపాయలేసుకున్నా ఇరవై ఎనిమిది. నీ వంతు నాడు ఎనిమిది గంటలు నడుపుతవ్. ఇగ నువ్వే చూస్కో," అన్నాడు ఫోన్‌లో లెక్క చూపిస్తూ.

"సర్కారు ఫిరీగ ఇస్తాంటే నీకెందుకియ్యాలె మరిదీ?"

"సర్కారు ఫిరీగ ఇచ్చింది నాకు. నీక్కాదు."

నర్సక్క ఇవ్వనంది. మొగిలి స్టార్టర్ డబ్బాకు తాళం వేశాడు. ఆమె అరెకరం వరి అప్పుడే పొట్టకొచ్చింది. ఇంకో వంతు తప్పితే గింజ పాలు పోసుకోదు, పంటంతా తాలే. నర్సక్క గట్టు మీద నిలబడి నెర్రెలు విచ్చిన మడిని చూసి ఏడ్చింది. నాకైతే ఆ తాళం తీసి మొగిలి నోటికి వేయాలనిపించింది.

"నా అందాజ మీద నమ్మకం లేకుంటె మీటరే చెప్తది," అంటూ కోరుట్ల పోయి మీటరు కొనుక్కొచ్చాడు. నర్సక్క చూస్తుండగానే స్టూలెక్కి షెడ్డు గోడకు తానే బిగించాడు. అందులో ఎర్ర లైటు వెలిగితే కొడుకు పుట్టినంత మురిసిపోయాడు.

మర్నాడు బర్రెను తోలుకుపోతున్న గంగయ్య కంట ఆ ఎర్ర లైటు పడింది. మా దగ్గర రైతుకు పాము కనబడ్డా ఫర్వాలేదు గాని, మోటరు పక్కన మీటరు కనబడకూడదు. బిల్లులు మొదలైనట్టే లెక్క. గంగయ్య బర్రెను అక్కడే వదిలేసి ఊళ్లోకి ఉరికాడు.

"మోటర్లకు మీటర్లు పెడుతున్నరు! మొగిలి బాయికాడ షురూ జేసిండ్రు!"

హోటల్లో చాయ్‌లు సగంలో ఆగిపోయాయి. చూస్తుండగానే ఊరు సగం బండ్ల మీద వచ్చి బావి దగ్గర దిగింది. మోటర్లు బాగుచేసే అరవింద్ అందరికంటే ముందున్నాడు.

"ఎవడు పెట్టిండు గిది? పెట్టినోని చేతులిరగ్గొడ్త!"

మొగిలి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకేం తెల్సు అన్నా! నేను నిన్న జగిత్యాల పోయిన. నేను లేంది చూసి ఎవలో పెట్టిపోయిండ్రు."

"మరి గీ తాళం?"

"గది సుత వాళ్లదే."

"అక్కా, నువ్వేమన్న చూసినవా?" అని అరవింద్ నర్సక్కను అడిగాడు. మొగిలి కళ్లతోనే దండం పెట్టాడు.

నర్సక్క కొంగు నడుముకు చుట్టుకుంది. "ఎవలదో తెల్వని సామాను మనకెందుకు తమ్మీ? పీకి బాయిల పారేయుండ్రి. గా తాళం సుత పలగ్గొట్టుండ్రి."

అరవింద్ ఫ్యూజులు తీసి, మీటరు పీకి, తీగలు నేరుగా కలిపి, ఫ్యూజులు మళ్లీ పెట్టాడు. మీటరు బావిలో బుడుంగున మునిగింది. మొగిలి కుయ్యిమన్నాడు.

"ఏమైంది మొగిలీ?"

"ఏం లేదన్నా. మంచిపని జేసిండ్రు."

గడ్డపార దెబ్బకు తాళం ఊడింది. శాంతించిన జనం బండ్లెక్కి వెళ్లిపోయారు. నర్సక్క స్టార్టర్ నొక్కితే నీళ్లు దబదబా కాలువలో పడ్డాయి. మొగిలి బావిలోకి తొంగి చూస్తూనే ఉన్నాడు.

నర్సక్క పార భుజానేసుకుని మడి వైపు నడుస్తూ వెనక్కి తిరిగింది.

"మోటరు నడుస్తాంది మరిదీ. బాయిల దిగి, ఎన్ని యూనిట్లయినయో చూసి చెప్పు."