చవక దేశం

ఆదివారం పొద్దున సగిందిక్ ఇంట్లో టీ మొదలైతే భోజనాల వేళ దాకా సాగుతుంది. పాలు పోసిన చిక్కటి టీ, నూనెలో వేయించిన బౌర్సాక్ పిండి ఉండలు, వెన్న, ఎండు ద్రాక్ష బల్ల నిండా ఉంటాయి. ఆ ఏడు వసంతంలో మాత్రం వాటికి చోటు తగ్గింది. సగం బల్లని పటాలూ కాగితాలూ ఆక్రమించుకున్నాయి. సగిందిక్ రైల్వేలో ముప్పై ఆరేళ్లు సిగ్నళ్ల ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఏ పనైనా ముందు కాగితం మీద గీతలు గీసుకుంటే తప్ప ఆయనకి తోచదు. ఇప్పుడాయన గీస్తున్నది తమ కాపురం మొత్తాన్ని దేశం దాటించే పథకం.

"ఎంత దూరమని? ఈ కిటికీలోంచి కనిపించే కొండకి అవతలి వైపు, అంతే. అదే మంచు, అదే ఎండ. మధ్యలో సరిహద్దు గీత ఒక్కటీ దాటితే మన పింఛను రెండింతలవుతుంది" అన్నాడు భార్య కుల్యాష్‌తో.

తాముండే అల్మాటీ నగరంలో బతుకు ఏటేటా ఖరీదైపోతోంది. అమ్మాయి పెళ్లయి రాజధానిలో స్థిరపడింది. ఈ ఫ్లాటు అద్దెకిచ్చి, కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున చిన్న ఇల్లు కొనుక్కుంటే శేష జీవితం నిశ్చింతగా గడిచిపోతుందని ఆయన లెక్క. పరాయి దేశస్తులకి నేల అమ్మరు కనక ఇల్లు తమది, నేల కౌలుకి. అదీ కనుక్కున్నాడు.

"తోటమాలిని పెట్టుకోవచ్చు. నీ మోకాలికి శ్రమ లేకుండా రోజంతా ఉండే పనిమనిషిని పెట్టుకోవచ్చు." సగిందిక్ వంటగట్టు వైపు తిరిగాడు. "ఏం బురుల్, మీ వైపు రోజంతా ఉండే మనిషికి ఎంతిస్తారు?"

నూడిల్స్ కోసం పిండి పలచగా వత్తుతున్న బురుల్ చేతులు ఆపకుండానే నవ్వింది. ఆమెది కిర్గిజ్‌స్తానే. వీళ్లు చూస్తున్న ఊరే ఆమె సొంత ఊరు. కుల్యాష్ మోకాలి ఆపరేషనైన దగ్గర్నుంచి, అంటే నాలుగేళ్లుగా, వారానికి మూడు రోజులు వచ్చి ఇంటిపని చేసి పోతోంది. కుల్యాష్‌ని అక్కా అనే అర్థంలో 'ఎజె' అని పిలుస్తుంది. ఆ వరసన సగిందిక్ ఆమెకి బావ. బావని ఆటపట్టించే హక్కు మరదలికి అక్కడ ఎప్పుడూ ఉంటుంది.

"మా వైపు మనుషుల్ని పెట్టుకుని జీతాలిచ్చేవాళ్లే ఉంటే నేనిక్కడ మీ పిండి ఎందుకు వత్తుతాను బావా? మీరొచ్చి మొదలుపెట్టండి. ఊరంతా మీ గుమ్మం ముందు వరసలో నిలబడుతుంది."

అందరూ నవ్వారు. కుల్యాష్ కూడా నవ్వింది. పాఠకులారా, ఆ పూట ఆ వంటింట్లో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. బల్ల మీది ఆ కాగితాల్లో ఎక్కడా అబద్ధం లేదు. మనం చేసే అన్యాయాల్లో చాలా మటుకు ఇలా పట్టపగలు, టీ తాగుతూ, నవ్వుతూ జరిగిపోతుంటాయి.

కుల్యాష్ ఈ పథకానికి ఒప్పుకున్నది మాత్రం ఆ లెక్కలు చూసి కాదు. ఆమె పదేళ్ల పిల్లప్పుడు, భూగర్భ పరిశోధనలో పనిచేసే తండ్రి ఆమెని వెంటబెట్టుకుని ఆ సరస్సు దారిన వెళ్లాడు. బస్సు మధ్యలో చెడిపోయింది. దగ్గర్లోని ఇంటావిడ బయటికొచ్చి చూసి, "లోపలికి రండి, ఇంజను తనంతట తాను బాగుపడదుగా" అని బస్సు మొత్తాన్ని పిలిచింది. ఇరవై ముగ్గురు! తందూరులోంచి తీసిన రొట్టె, మీగడ, చెట్టు కిందే ఏరిన ఆప్రికాట్లు పెట్టింది. తండ్రి డబ్బు తీయబోతే ఆవిడకి కోపమొచ్చింది. "పిల్ల ముందు ఇదేం పని?" అంది. ఆ రొట్టెకంటిన పొగ వాసన, పళ్ల గుజ్జు పూసుకున్న తన వేళ్లు, ఎండలో కన్ను నిలవనంత నీలంగా మెరిసే నీళ్లు కుల్యాష్ మనసులో యాభై ఏళ్లయినా చెక్కుచెదరలేదు. ముప్పై ఏళ్లు బళ్లో భూగోళం చెప్పింది. పటం మీద ఆ సరస్సు దగ్గరికి రాగానే ఆమె పుల్ల ఒక్క క్షణం ఆగేది. పిల్లలు కూడా కనిపెట్టి, "టీచర్, బస్సు మళ్లీ ఆగిందా?" అని నవ్వేవాళ్లు.

జూలైలో ఇల్లు చూడడానికి బయల్దేరుతుంటే బురుల్ ఒక మూట తెచ్చిచ్చింది. ఊళ్లో ఉన్న తల్లికి రక్తపోటు మాత్రలు, ఆవిడ దగ్గరే పెరుగుతున్న తన తొమ్మిదేళ్ల కూతురు సెజిమ్‌కి ఎర్ర బూట్లు.

"కొలత సరిగ్గానే తీసుకున్నావా?" అంది కుల్యాష్.

"అందాజుగా కొన్నాను ఎజె. చూసి ఏడాదిన్నరైంది."

ఏడాదిన్నర ఎందుకైందో కుల్యాష్‌కి తెలుసు. బురుల్‌కి పని ఒప్పందం కాగితం లేదు; కిందటిసారి ఊరెళ్లొచ్చాక దొరికిన గడువూ దాటిపోయింది. గడువు దాటి ఉన్న మనిషి ఒకసారి సరిహద్దు దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. "ఆ కాగితం రాయించండి ఎజె" అని బురుల్ రెండుసార్లు అడిగింది. పన్నులూ తిరుగుళ్లూ ఉన్న వ్యవహారం కదా అని, "వచ్చే నెల చూద్దాం" అని కుల్యాష్ రెండుసార్లు చెప్పింది.

అమ్మకానికున్న ఇల్లు బాగుంది. తెల్ల సున్నం, నీలం కిటికీలు, వెనక ఆరు ఆప్రికాట్ చెట్లు, ఆ చెట్ల సందుల్లోంచి సరస్సు. ఇంటాయన పేరు జపార్. కొడుకు మాస్కో దగ్గర ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. కోడలు కూడా పనికి వెళ్తోంది. మనవణ్ణి చూసుకోడానికి ముసలివాళ్లిద్దర్నీ రమ్మంటున్నారు. వీధిలో అటూ ఇటూ నాలుగిళ్లకి తాళాలు.

జపార్ భార్య టీ పోసింది. సగిందిక్ కప్పు తాగి లేచి, పైకప్పు చూశాడు, వైర్లు చూశాడు, గోడ మీద వేలితో తట్టి చూశాడు. "రేకులన్నీ మార్చాలి" అన్నాడు. "వైరింగు మొత్తం పీకేయాలి" అన్నాడు. అన్న ప్రతిసారీ ధర ఒక మెట్టు దిగింది. చివరికి పావు వంతు తగ్గింది.

జపార్ చెట్ల వైపు చూశాడు. "ఆ మూలది మా నాన్న నాటింది. నీళ్లు మానొద్దు" అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "సరే, మీ మాటే కానివ్వండి."

ఆయన లోపలికి వెళ్లగానే సగిందిక్ పట్టలేకపోయాడు. "కుల్యాష్! అల్మాటీలో ఈ డబ్బుకి కారు పెట్టుకునే షెడ్డు కూడా రాదే!"

జపార్ భార్య అక్కడే ఉంది. ఖాళీ కప్పులు పళ్లెంలో సర్దుకుంటోంది. తలెత్తలేదు.

సగిందిక్ కాగితాల కోసం జపార్‌తో పంచాయతీ ఆఫీసుకి వెళ్లాడు. కుల్యాష్ మూట పట్టుకుని బురుల్ తల్లి ఇల్లు వెతుక్కుంటూ నడిచింది. తల్లి పేరు అసిల్కాన్. ఆ ఊరి బళ్లో నలభై ఒక్కేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఊళ్లో ఎవర్నడిగినా 'టీచరుగారిల్లు' అని చూపించారు.

సెజిమ్ బూట్లు చూడగానే గంతేసింది. నేల మీద కూర్చుని తొడుక్కుంది. మడమ దిగలేదు. పెదవి బిగబట్టి ఒక్క నొక్కు నొక్కి లేచి నిలబడింది. "సరిపోయాయి. అమ్మకి సరిగ్గా సరిపోయాయని చెప్పండి" అంది. గుమ్మం దాకా కుంటుతూ నడిచి, బయటికి వెళ్లగానే విప్పి చేత పట్టుకుంది. అమ్మమ్మ చూసింది. కుల్యాష్ కూడా చూసింది.

టీచర్లిద్దరికీ మాట కలవడానికి ఎంతసేపు? కుల్యాష్ బస్సు ముచ్చట చెప్పింది. అసిల్కాన్ కళ్లు మెరిశాయి.

"ఎవరిల్లో ఏం చెప్పను తల్లీ, అప్పుడు ఏ ఇంటి ముందు బస్సాగినా అదే జరిగేది. సరస్సులో ప్రయాణికుల ఓడ తిరిగేది. అది కూత వేసిందంటే నా క్లాసులో ఒక్కడూ బెంచీ మీద ఉండేవాడు కాదు. మూడొందల మంది పిల్లలు! ఆప్రికాట్లు కోసే రోజుల్లో బడి మూసేసి అందరం తోటల్లోనే ఉండేవాళ్లం. పళ్లు తిని పిల్లలకి కడుపునొప్పులు, బడి తెరిచాక నాకు సెలవు చీటీల మీద సంతకాల పని" అని నవ్వింది. "ఇప్పుడు అరవై మంది. అందులో సగం మంది అమ్మలు ఫోన్లోనే కనిపిస్తారు."

తర్వాత అదే గొంతుతో అడిగింది. "మీ ఆయనకి మా ఊరు చాలా చవకగా కనిపించిందట?"

"మీకెవరు చెప్పారు?"

"జపార్ పెళ్లాం నీకంటే ముందే వచ్చి వెళ్లింది."

కుల్యాష్ తల దించుకుంది. అసిల్కాన్ ఆమె కప్పులో మళ్లీ టీ పోసింది.

"నిన్ను నొప్పించాలని కాదు. మీరు రండి. ఖాళీ ఇల్లు కన్నా దీపమున్న ఇల్లు నయం. కానీ ఒక్క సంగతి. ఈ మాత్ర ధర నీకూ నాకూ ఒకటే. చలికాలం బొగ్గు ధరా అంతే. నా పింఛనుతో బొగ్గు కొంటే మాత్రలుండవు, మాత్రలు కొంటే బొగ్గుండదు. ఇక్కడ చవకైంది మనిషి కష్టం ఒక్కటే. నా కూతురి కష్టానికి ఇక్కడ విలువ లేకే కదా, బిడ్డని నా ఒళ్లో వదిలి మీ ఊరొచ్చింది!" ఆవిడ ముందుకి వంగింది. "అక్కడ మీరు మంచి జీతమే ఇస్తున్నారని చెబుతుంది. నేను దిగులు పడతానని చెబుతుందో ఏమో. నువ్వు చెప్పు తల్లీ, నిజమేనా? మంచిగానే ఇస్తున్నారా?"

ఆ ముసలామె గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కుల్యాష్ మాత్రల డబ్బా ఆవిడ వైపు జరిపి, ఇక వెళ్లాలని లేచింది.

తిరుగు ప్రయాణంలో సరస్సు పక్కనే పోతుంటే కుల్యాష్ కారాపమంది.

"మన పై అంతస్తు రౌషన్ తన పనామెకి ఎంతిస్తోంది?"

"నాకేం తెలుసు? ఎందుకిప్పుడు?"

"నాకు తెలుసు. మనం బురుల్‌కిచ్చే దానికి రెండింతలు."

"ఆవిడ మన దేశస్తురాలు. కాగితాలున్నాయి. అయినా ఆ జీతానికి బురుల్ ఒప్పుకునే కదా చేరింది?"

"జపార్ కూడా ఒప్పుకున్నాడు."

సగిందిక్ స్టీరింగు మీద వేళ్లు ఆడించాడు. "ఇప్పుడేమంటావు? వాళ్లందరికీ అల్మాటీ ధరలు కట్టాలంటే మనం కొండ దాటడం దేనికి?"

"అదే నేనూ అడుగుతున్నా, దేనికని! నాలుగేళ్లుగా చవక దేశం వారానికి మూడు రోజులు మన వంటింట్లోకొచ్చి అంట్లు తోముతోంది. నేను చూడలేదు. ఆ పిల్ల కాలు ఎంత పెరిగిందో తల్లికి తెలియకపోవడానికి కారణం నేనే, నా 'వచ్చే నెల'. వినండి. సరస్సు కోసమైతే వస్తాను. చవక కోసమైతే రాను."

ఆయన కారు ముందుకి పోనిచ్చాడు. సరిహద్దు దగ్గర లారీల వెనక గంటన్నర నిలబడ్డారు. అప్పుడు ఎదురుగా చూస్తూనే, గొణిగినట్టు అన్నాడు.

"పైకప్పు నేను చెప్పినంత పాడైపోలేదులే."

మర్నాడు జపార్‌కి ఫోను చేసి మొదట చెప్పిన ధరే ఇస్తానన్నాడు. అవతల జపార్‌కి అర్థం కాక, "ఏమైంది, వైర్లు బాగున్నాయా?" అని అడిగాడట.

బురుల్‌కి కాగితం రాయించారు. జీతం రౌషన్ ఇంటి లెక్కకి పెంచారు. గడిచిన నాలుగేళ్ల తేడా మొత్తం ఒక కవర్లో పెట్టి కుల్యాష్ ఆమె చేతికిచ్చి, "క్షమించు" అంది. బురుల్ ఏడుస్తుందనుకుంది. ఆమె ఏడవలేదు.

"రెండుసార్లు అడిగాను ఎజె. మూడోసారి అడగడానికి సిగ్గేసింది" అంది. కుల్యాష్‌కి ఏ తిట్టూ అంతగా తగల్లేదు.

బురుల్ పది రోజులు ఊరెళ్లి, కూతుర్ని కొట్లో నిలబెట్టి, తొడిగి చూసి బూట్లు కొనిచ్చి వచ్చింది. ఊళ్లో ఇంకా పని లేదు కనక అల్మాటీలోనే ఉండిపోయింది. వెళ్లిపోయే ముందు కుల్యాష్ ఆమెని కాగితంతో, పూర్తి జీతంతో పెట్టుకోమని స్నేహితురాళ్లు ముగ్గురికి ఫోను చేసింది. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆవిడ, "నువ్వు దేశం విడిచిపోతూ మాకు ధరలు పెంచి పోతున్నావు" అని ఫోను పెట్టేసింది.

ఆకులు రాలే వేళకి కాపురం కొండ దాటింది. బళ్లో భూగోళం చెప్పేవాళ్లు లేక మూడేళ్లైందని తెలిసి కుల్యాష్ వారానికి రెండు రోజులు వెళ్తోంది. సాయంత్రాలు అసిల్కాన్ వస్తే, ఇద్దరూ వరండాలో కూర్చుని ఆగిపోయిన ఓడ గురించీ, తాళాలు పడ్డ ఇళ్లలో ఒకప్పుడు ఎవరెవరుండేవాళ్లో వాళ్ల గురించీ చెప్పుకుంటారు. సగిందిక్ తోటమాలిని పెట్టలేదు. మూలనున్న చెట్టుకి తనే నీళ్లు పోస్తాడు.

ఒకరోజు రౌషన్ ఫోను చేసింది. "మేమూ ఆలోచిస్తున్నాం అక్కా. నిజం చెప్పు, అక్కడ అంత చవకేనా?"

కుల్యాష్ ఫోను పట్టుకుని వరండాలోకొచ్చింది. వీధిలో తాళం వేసిన నాలుగిళ్లనీ ఒకసారి చూసింది.

"రౌషన్, ఒక దేశం మనకి చవగ్గా దొరుకుతోందంటే అక్కడి మనుషుల కష్టానికి ఎవరూ సరైన వెల కట్టడం లేదని అర్థం. ఆ వెల నువ్వు కట్టగలనంటే రా, లేకపోతే రావద్దు" అంది.