చెయ్యి విడిచిన మైసమ్మ

మే నెల ఎండలకు గూడూరులో తెల్లారేసరికే గచ్చు వేడెక్కిపోతోంది. మానుకోట పట్టణం పార్కులో పిల్లల కోసం నేలలోంచి నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు పెట్టారని విని, రాజీ సద్ది మూట కట్టుకుని, తన ఆరేళ్ల కూతురు కీర్తనను తీసుకుని బయలుదేరింది. అత్త మైసమ్మను కూడా రమ్మంది. మైసమ్మకు మనసొప్పలేదు.

"నీళ్లంటేనే పిల్ల వణుకుతది. గా జాగకు ఎందుకే?"

"జర చూద్దాం అత్తమ్మా. భయపడితే వాపస్ వద్దాం."

నిరుడు వానాకాలంలో మైసమ్మ కాలువ గట్టున బట్టలు ఉతుకుతుండగా, పక్కనే ఆడుకుంటున్న కీర్తన జారి నీళ్లలో పడింది. మైసమ్మ దూకి, జుట్టు దొరకబుచ్చుకుని బయటికి లాగింది. పిల్ల బతికింది గానీ, అప్పటినుంచి నెత్తిమీద చెంబెడు నీళ్లు పోయనివ్వదు. తడిగుడ్డతో తుడవడమే. రాజీ అత్తను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఏదో ఒకటి అనేసినా బాగుండునని మైసమ్మకు చాలాసార్లు అనిపించింది.

పార్కులో గుంట లేదు, తొట్టి లేదు. రంగు పలకలు పరిచిన నేల, మధ్యమధ్య చిన్న చిన్న రంధ్రాలు. వాటిలోంచి నీళ్లు నడుమెత్తున లేచి, పడి, అంచున ఉన్న జాలీల్లోకి జారిపోతున్నాయి. పాదం మునిగేంత కూడా నిలవడం లేదు. పిల్లలు ఒకటే కేకలు.

కీర్తన తన బాపమ్మ మైసమ్మ కొంగు పట్టుకుని చాలాసేపు కదల్లేదు. ఎవరో పిల్ల ఒక రంధ్రం మీద మడమ పెట్టి నీళ్లను ఆపుతోంది, కాలు తీసి నవ్వుతోంది. కీర్తన కళ్లు అక్కడే ఉండిపోయాయి.

"బాపమ్మా, నేను కాలు పెడితే గూడ ఆగుతయా?"

మైసమ్మ పిల్ల చెయ్యి అందుకుంది. "పెట్టి చూడు బిడ్డా. నేను పట్టుకుంట."

ఇద్దరూ తడి నేల మీదికి వెళ్లారు. కీర్తన కళ్లు గట్టిగా మూసుకుని పాదం ఆనించింది. నీళ్లు ఆగిపోయాయి. తీసింది, చివ్వున లేచాయి. మళ్లీ ఆపింది.

"బాపమ్మా, చెయ్యి నొస్తుంది. ఇడిసిపెట్టు."

మైసమ్మ వేళ్లు వదులు కాలేదు. దిక్కుతోచక కోడలి వైపు చూసింది.

"ఇడువు అత్తమ్మా, ఏం గాదు" అంది రాజీ.

విడిచింది. పిల్ల నడిమధ్యకు పరిగెత్తిందో లేదో, రంధ్రాలన్నీ ఒక్కసారే పొంగి నీళ్లు మనిషెత్తున లేచాయి. కీర్తన కనబడలేదు.

"బిడ్డా!" మైసమ్మ ఆ నీళ్లలోకి పరిగెత్తింది.

కీర్తన అక్కడే నిలబడి ఉంది. నీళ్లు నెత్తిన పడి ముఖమంతా కారుతున్నాయి. పిల్ల నోరు తెరిచి ఊపిరి పీల్చుకుని, పెద్దగా నవ్వింది.

"బాపమ్మా, ఇంకోపారి వస్తయా?"

మైసమ్మ నిలువెల్లా తడిసి వచ్చి చెట్టు నీడన చతికిలబడింది. రాజీ పక్కన కూర్చుని తువ్వాలు అందించింది.

"నిరుడు నువ్వు దుంకకపోతే గీ నవ్వు నాకు ఏడిది అత్తమ్మా?"

మైసమ్మ కోడలి చేతిని కాసేపు తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లుగా గుండెల మీద పెట్టుకు తిరిగిన బరువు ఎవరో చేయి వేసి దించినట్టయింది. అవతల కీర్తన తనకంటే చిన్నవాళ్లకు నీళ్లు ఎట్లా ఆపాలో చూపిస్తోంది.

"రాజీ, ఆకలైతుందే. సద్ది ఇప్పు" అంది మైసమ్మ.